ఆకుపచ్చ కట్టిన ఇళ్ళు

సెప్టెంబరు 1, ఆదివారం

ప్రార్థన అయ్యాక బిషప్ టటల్ నన్ను కోట్లు తగిలించే గదిలోకి పిలిచాడు. మా చర్చిలో బిషప్పుకి జీతం ఉండదు; ఈయన వారమంతా టైర్ల కొట్టులో మసి పూసుకుని, ఆదివారం మాత్రం టై కట్టుకునే మనిషి. ఆయన ఆ గదిలోకి పిలిచాడంటే ఏదో పని అంటగట్టబోతున్నాడని చర్చిలో అందరికీ తెలుసు. కాదనే అలవాటు మాకెవరికీ లేదు.

"సిస్టర్ జనీల్, మన వీధిని ఆపదలకి సిద్ధంగా ఉంచే పని ఇకమీదట నీది. భూకంపం, కార్చిచ్చు, మంచు తుఫాను, పిల్లలకి దెబ్బలూ కాలడాలూ, అన్నీ," అన్నాడు.

"అది మా అత్తగారి పని కదా?"

"ఇరవై ఏళ్ళు చేసింది పాపం. ఇక విశ్రాంతి తీసుకోమన్నాను. ఎంత సంతోషించిందో!"

మా అత్తగారు లారూ సంతోషించడం నేను నా పెళ్ళిలో కూడా చూడలేదు.

ఒప్పుకున్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఏటా సెప్టెంబరులో ఒక శనివారం మా ఊళ్ళో డ్రిల్లు ఉంటుంది. పొద్దున్నే ఎవరి తలుపుకి వాళ్ళు రిబ్బను కట్టాలి. ఆకుపచ్చ అయితే అంతా క్షేమం. పసుపు అయితే సాయం కావాలి, తొందరేం లేదు. ఎరుపు అయితే ఉన్నపళంగా రండి. అత్తగారి హయాంలో ఇది ఏడాదికి ఒక్క రోజే. నేను మాత్రం, "ఈసారి నెలంతా కడదాం బిషప్! రోజూ కడితే చేతులకి అలవాటైపోతుంది," అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. వేలాడుతున్న కోట్ల అవతల ఎవరో దగ్గారు. ఆ దగ్గు నాకు బాగా తెలుసు.

ఆవిడతో పోటీ పడి అన్న మాట కాదు అది. వీధి మంచి కోసమే అన్నాను.

మా ఆయన డారిన్‌తో ఫోన్లో చెబితే నవ్వాడు. నెవాడా గనిలో పనికి వెళ్ళాడు, థాంక్స్‌గివింగ్ దాకా రాడు. వెళ్ళే ముందు వాకిట్లో నిలబడి అన్న మాటే మళ్ళీ అన్నాడు: "ముగ్గురు పిల్లలు, నువ్వొక్కదానివి. ఏదైనా తేడా వచ్చిందని తెలిసిందో, అమ్మని మనింట్లోకి వచ్చి ఉండమంటాను."

అత్తగారు ఎదురింట్లో ఉండడం వేరు, నా వంటింట్లో ఉండడం వేరు. పోయినేడాది నాకు జ్వరం వస్తే సాయానికని వచ్చి అరలన్నీ సర్ది వెళ్ళింది. బంగాళాదుంపల తొక్క తీసే చాకు ఈ రోజుకీ దొరకలేదు.

ఈ మూడు నెలల్లో ఒక్క తేడా కూడా రాదు. రాకుండా నేను చూసుకుంటాను.

సెప్టెంబరు 2, సోమవారం

సెలవు. పిల్లల్ని వెంటేసుకుని వీధంతా రిబ్బన్లు పంచాను. మా పెద్దది టేవియాకి పదేళ్ళు, పెద్దరికం మాత్రం నలభై ఏళ్ళది. ఆరేళ్ళ పోర్టర్ మెడలో ఈల. వద్దన్నకొద్దీ ఊదుతాడు. రెండేళ్ళ మెకే చక్రాల బండిలో కూర్చుని దారిన పోయే కుక్కలన్నిటికీ బిస్కట్లు విసిరాడు.

పక్కింటి మార్వా బ్లాకమ్ చంకలో బిడ్డతో తలుపు తీసింది. వాళ్ళకి ఐదుగురు.

"పసుపూ ఎరుపూ కూడా ఎందుకిస్తున్నావే? దండగ," అంది.

"అవసరమైతే కట్టడానికి."

"అవసరమైతే మాత్రం ఎవరు కడతారు? నేను కాపరానికొచ్చి పదకొండేళ్ళు. ఈ వీధిలో ఆకుపచ్చ తప్ప ఇంకో రంగు చూళ్ళేదు."

లోపల ఏదో పెద్దగా పగిలింది. మార్వా తల తిప్పలేదు. "ఏం లేదులే," అని తలుపేసుకుంది.

అత్తగారు రిబ్బను అందుకుని వేళ్ళతో నలిపి చూసింది.

"పల్చగా ఉంది. నేను మంచి వెడల్పాటిది వాడేదాన్ని."

"దుకాణంలో ఇదే ఉంది అత్తయ్యా."

"అడగాలి. అడిగితే లోపల్నించి తెస్తాడు."

సెప్టెంబరు 3, మంగళవారం

ఆకుపచ్చ కట్టాను. పిల్లలింకా పళ్ళు కూడా తోమలేదు, ఫోను మోగింది.

"జనీల్, నీ రిబ్బను వంకరగా ఉంది."

"గాలికి అత్తయ్యా."

"మా ఇంటికీ అదే గాలి."

సెప్టెంబరు 5, గురువారం

పోర్టర్ ముక్కులో పూస పెట్టుకున్నాడు. ఇది తేడా కిందికి రాదు. పిల్లలున్న ఇంట్లో పూసలుంటాయి, ముక్కులుంటాయి.

చిమటా పెట్టి లాగితే ఇంకా లోపలికి పోతుందని ప్రథమ చికిత్స తరగతిలో చెప్పారు. రెండో ముక్కుపుటం మూసి, తల్లి బిడ్డ నోటికి నోరు ఆనించి ఒక్కసారి ఊదాలట. వాణ్ణి ముందుగది సోఫా మీద కూర్చోబెట్టి, "అమ్మకి ముద్దు పెట్టు," అన్నాను.

"పెట్టను. నువ్వు ఉల్లిపాయ తిన్నావ్."

"ఒక్కటే ముద్దు."

"స్కూల్లో నర్సు ఉంది. ఆవిడకి పెడతా."

టేవియా వాడి కాళ్ళు పట్టుకుంది. ఊదాను. పూస బయటికొచ్చి నా కనుబొమకి తగిలింది. పూస వెనకాలే ఇంకా ఏమేం వచ్చాయో ఇక్కడ రాయను. మెకే చప్పట్లు కొట్టి నాకు ఇంకో పూస అందించాడు.

ముఖం తుడుచుకుని లేచేసరికి ఎదురింటి కిటికీ తెర కదిలింది. మా ముందుగది ఆవిడకి నాటకాల వేదికలాగా కనిపిస్తుంది. డారిన్‌కి ఈపాటికి చెప్పేసే ఉంటుంది.

సెప్టెంబరు 8, ఆదివారం

డారిన్ ఫోను. పూస మాట రాలేదు. "అమ్మతో మాట్లాడావా?" అని అడిగాను, మామూలుగా అడిగినట్టే. మాట్లాడానన్నాడు. "ఏమంటోంది?" అన్నాను. "వర్షాల్లేవంటోంది," అన్నాడు.

అంటే కూడబెడుతోందన్నమాట. అన్నీ ఒకేసారి చెబుతుంది.

సెప్టెంబరు 10, మంగళవారం

మూడు రోజుల సంచులు దించాను. ఇల్లు వదిలి పోవాల్సి వస్తే మూడు రోజులు బతకడానికి మనిషికో సంచి, వసారా బీరువా పై అరలో ఉంటాయి. వీధికి చెప్పేముందు మా ఇంట్లో సరిగ్గా ఉండాలి కదా.

తిండి పొట్లాలన్నీ వరసగా ఉన్నాయి. ఎత్తి చూస్తే బరువు లేదు. ప్రతి పొట్లమూ అడుగున జాగ్రత్తగా చించి, తినేసి, మళ్ళీ అతికించి పెట్టారు. అతికించింది టేవియా. తిన్నది ముగ్గురూ.

"ఎప్పట్నించీ?" అన్నాను.

"ఎప్పుడైనా ఆపద వచ్చినప్పుడే తిన్నాం," అంది టేవియా.

"ఏం ఆపద?"

"నువ్వు బ్రకోలీ వండిన రోజు."

బట్టలు చూస్తే మెకే సంచిలో వాడు పుట్టినప్పుడు పెట్టిన టోపీ ఉంది, పోర్టర్ సంచిలో ప్యాంటు వాడి మోకాలు కూడా దాటలేదు. ఈ లోయలో రేపు భూమి కదిలితే మేం నలుగురం చాలీచాలని బట్టలు కట్టుకుని, మూడు రోజులు పళ్ళు తోమే పేస్టు తిని బతకాలి.

ఇల్లు కాలుతోందనుకుని పరుగెత్తే డ్రిల్లు కూడా చేశాం. "మంట!" అని అరిచాను. టేవియా సంచి తీసుకుని వాకిట్లో చెట్టు దగ్గరికి వెళ్ళి నిలబడింది. పోర్టర్ చేప తొట్టె ఎత్తుకోబోయి దార్లో నీళ్ళన్నీ పోశాడు. మెకే, మంట ఎక్కడో చూద్దామని వంటింట్లోకి వెళ్ళాడు.

సెప్టెంబరు 11, బుధవారం

ఆకుపచ్చ. చేప బతికే ఉంది.

సెప్టెంబరు 13, శుక్రవారం

మంటలార్పే సిలిండర్ ఎలా వాడాలో పిల్లలకి మాటల్లో చెప్పాను. పిన్ను లాగాలి, గొట్టం మంట మొదటికి గురిపెట్టాలి, మీట నొక్కి అటూ ఇటూ ఊపాలి. బాగా అర్థమయ్యేలా చెప్పాను. పోర్టర్‌కి మరీ బాగా అర్థమయింది. నేను ఫోను తీయడానికి ముందుగదిలోకి వెళ్ళానంతే.

వంటిల్లంతా తెల్లగా అయింది. పొడి మేఘం వసారాలోంచి వీధిలోకి పోయింది. పిల్లల్ని పెరట్లోకి నెట్టి ముఖాలు కడిగాను. అప్పటికే ఎదురింటి తెర పక్కకి జరిగి ఉంది. ఏం చెయ్యాలో తోచక నీళ్ళ డబ్బా పట్టుకుని ముందుకొచ్చి పూల మొక్కలకి నీళ్ళు పోశాను. తల నుంచి పాదాల దాకా తెల్లగా ఉన్నానని తర్వాత అద్దంలో చూసుకుంటే తెలిసింది.

ఫోను.

"జనీల్, అంతా బాగేనా?"

"బాగే అత్తయ్యా. పిండి కలుపుతున్నాను."

"చాలా కలిపినట్టున్నావ్."

"రొట్టెలు ఎక్కువ కావాలి, అందుకని."

"సరే. తలుపుకి ఆకుపచ్చే ఉందిలే," అని పెట్టేసింది.

వెటకారం.

సెప్టెంబరు 14, శనివారం

వంటింట్లో మూత లేకుండా ఉన్న తిండి అంతా పారేశాను. కడిగాను. మళ్ళీ కడిగాను. అరల్లో ఇంకా ఉంది. దీన్నీ తేడా అనను, శుభ్రత అంటాను.

సెప్టెంబరు 17, మంగళవారం

మెకే పొయ్యి మీద సూప్ గిన్నె అంచు పట్టుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఒక్క అడుగు దూరంలో ఉన్నాను.

వేళ్ళు ఎర్రబడ్డాయి, బొబ్బలు లేవు. కుళాయి కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాను. మామూలు చల్లటి నీళ్ళు, మంచు కాదు, ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలంటే ఎంతో రెండేళ్ళవాడు చేతుల్లో గింజుకుంటూ అరుస్తుంటే తెలుస్తుంది. ఆ టైములోనే పోర్టర్‌కీ టేవియాకీ ఒకే రంగు పెన్సిల్ కావలసి వచ్చింది. ఆ టైములోనే సూప్ అడుగంటింది. ఆ టైములోనే ఫోను మోగింది. తీయలేదు.

తర్వాత వాడు నవ్వాడు. వాడి చెయ్యి బాగానే ఉంది. నేను వంటింటి నేల మీద కూర్చుని ఉన్నాను. ఏడవలేదు, పొగకి కళ్ళు మండాయి.

సొరుగులోంచి పసుపు రిబ్బను తీశాను. షాపు మడత ఇంకా విడలేదు. మళ్ళీ లోపల పెట్టేశాను. వీధినంతా సిద్ధం చేయాల్సిన మనిషి తలుపుకే పసుపు కడితే బిషప్ ఏమనుకుంటాడు? ఆవిడ ఏమనుకుంటుందో అనుకోనక్కర్లేదు, పెట్టె సర్దుకుని వచ్చేస్తుంది.

సెప్టెంబరు 18, బుధవారం

ఆకుపచ్చ.

సెప్టెంబరు 19, గురువారం

ఆకుపచ్చ. అలసిపోయాను. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, ఎవరైనా దగ్గితే లేచి కూర్చుంటున్నాను.

సెప్టెంబరు 21, శనివారం

ఇవాళ డ్రిల్లు. మొదటినుంచీ రాస్తాను.

ఎనిమిదికల్లా అందరూ రిబ్బన్లు కట్టాలి. పిల్లలకి దూరానికి కనిపించేలా మెరిసే చొక్కాలు తొడిగి బయల్దేరాను. ఆకుపచ్చ ఉంటే దాటి వెళ్ళాలి, వేరే రంగు ఉంటే తలుపు తట్టాలి. తట్టే పనే పడలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా పచ్చగా ఉంది వీధి. అత్తగారింటికి ఆకుపచ్చ నిటారుగా, ఇస్త్రీ చేసినట్టు వేలాడుతోంది. దాటి వెళ్ళిపోయాం. ఆ ఇంటి ముందు పోర్టర్ రెండుసార్లు ఈల ఊదాడు.

ఇంటికొచ్చి బిషప్‌కి ఫోన్లో చెప్పాను: అన్నీ ఆకుపచ్చ. "అద్భుతం!" అన్నాడు. కూర్చుని, చర్చి వద్దన్న కాఫీ బదులు మేం తాగే ఆ బార్లీ నీళ్ళేవో తాగాను. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఎందుకింత ప్రశాంతంగా ఉందా అనుకున్నాను. అప్పుడు తట్టింది, ఫోను మోగలేదు. ఈ నెలంతా నా రిబ్బను వంకర అనో, ముడి వదులు అనో ఏదో ఒకటి చెప్పకుండా ఆవిడ టిఫిన్ తినలేదు. ఇవాళ, డ్రిల్లు రోజున, ఒక్క మాట లేదు.

"ఇవాళ బాగా కట్టినట్టున్నాను," అని పైకే అన్నాను. వెళ్ళి చూశాను. కుక్క చెవిలాగా వేలాడుతోంది నా రిబ్బను.

నాకు భయమేసింది. భుజాన సంచి అలాగే ఉండగా, పిల్లల్ని వెంటేసుకుని రోడ్డు దాటి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఊళ్ళో ఉన్నంతకాలం మావాళ్ళెవరూ తాళాలు వెయ్యరు.

"అత్తయ్యా!"

కింది నుంచి, నేలమాళిగలోంచి వినిపించింది. "చెప్పుల్తో రాకు. తివాచీ ఉతికించాను."

మెట్ల కింద పడి ఉంది. ఆపదకాలానికని ఏళ్ళ తరబడి దాచిన గోధుమల డబ్బాలు చుట్టూ దొర్లి ఉన్నాయి, పీచ్ పళ్ళ సీసా ఒకటి పగిలి పాకం కారుతోంది. ఎడమ పాదం అసలు తిరగకూడని వైపుకి తిరిగి ఉంది. ముఖం సున్నంలా తెల్లబడింది. జుట్టు మాత్రం చెదరలేదు.

"ఎప్పుడు పడ్డారు?"

"పొద్దున. వెలుగు రాకముందు. డబ్బాల మీద తేదీలు చూద్దామని."

"మరి రిబ్బను?"

"నిన్న సాయంత్రమే కట్టాను. వీధిలో నాదే ముందుండాలని."

ఇరవై ఏళ్ళుగా ఆవిడదే ముందు. నిన్న సాయంత్రం క్షేమంగా ఉన్నట్టు కట్టి, ఇవాళ పొద్దున కాలు విరగ్గొట్టుకుంది.

"మేం ఇంటి ముందునించే వెళ్ళాం. పోర్టర్ ఈల వినిపించలేదా?"

"వినిపించింది."

"మరి అరవలేదేం?"

"డ్రిల్లు జరుగుతోంది కదా. నీ లెక్క పాడవుతుందని."

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఈ మనిషంటే నాకింత ప్రేమ ఉందని ఆ గాజు పెంకుల మధ్య నిలబడేదాకా నాకు తెలీదు. తెలిసిన తర్వాత కూడా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఒప్పుకునే టైమూ లేదు. టేవియాని అంబులెన్స్‌కి ఫోను చెయ్యమన్నాను. పోర్టర్‌కి మెకే చెయ్యి అప్పజెప్పి, పై మెట్టు మీద కూర్చోబెట్టి, కదిలావంటే ఈల లాక్కుంటానన్నాను.

"లేవనా?" అంది అత్తగారు.

"కదలకండి. తల తగిలిందా? మెడ నొప్పి ఉందా?"

"నన్నే అడుగుతున్నావా ఆ ప్రశ్నలు? నీకు నేర్పిందెవరు?"

"మీరే. అందుకే జవాబు చెప్పండి."

చెప్పింది. తల తగల్లేదు, మెడ బాగుంది. కాలి వేళ్ళు ముట్టుకుంటే తెలుస్తున్నాయి, వెచ్చగానే ఉన్నాయి. దుప్పటి కప్పాను. పాదం ఎలా ఉన్నదాన్ని అలాగే ఉంచి, చుట్టూ దిండు మడిచి కట్టాలి. కట్టడానికి చుట్టూ చూస్తే ఏమీ లేవు, నా భుజాన సంచిలో మిగిలిన రిబ్బన్ల చుట్టలు తప్ప. చేతికి ముందు ఎరుపు వచ్చింది.

"అది వద్దు," అంది.

"అత్తయ్యా, కాలు విరిగింది!"

"విరిగితే మాత్రం? అంబులెన్స్‌లో ఊళ్ళోవాళ్ళే వస్తారు. ఆకుపచ్చ కట్టు."

ఆకుపచ్చే కట్టాను. పాదానికి పైన, కింద, ముడి మీద ముడి. "ఇంకొంచెం వదులుగా, రక్తం ఆడాలి," అంది. వదులు చేశాను. "ఇప్పుడు సరిపోయింది," అంది. పదమూడేళ్ళ కాపరంలో నా పని ఏదైనా సరిపోయిందని ఆవిడ అనడం ఇదే మొదటిసారి.

పీచ్ పాకం కొంచెం ఇమ్మంది, నోరు ఎండుతోందట. ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలని ఇవ్వలేదు. "రాక్షసివి," అంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

అంబులెన్స్‌లో వచ్చినాయన మెట్లు దిగుతూ దిండు చూసి ఆగాడు. "ఆకుపచ్చా? అయితే మేం వెనక్కి వెళ్ళిపోవచ్చా సిస్టర్ లారూ?"

"నోరుమూసుకుని మొయ్యి," అంది మా అత్తగారు.

సెప్టెంబరు 22, ఆదివారం

కాలికి సిమెంటు కట్టు వేశారు, ఆరు వారాలు నేల మీద మోపకూడదు. డారిన్ ఫోనులో కంగారు పడిపోయాడు. "సెలవు పెట్టి వచ్చెయ్యనా? అమ్మనెవరు చూస్తారు?"

"మనింటికి తీసుకొస్తున్నాను."

"నువ్వా?"

"నేనే."

ఇంకోసారి చెప్పమన్నాడు.

సెప్టెంబరు 23, సోమవారం

తీసుకొచ్చాను. "నేను బాగానే ఉన్నాను, నాకేం అక్కర్లేదు," అని ఆసుపత్రి నుంచి మా గుమ్మం దాకా అంటూనే ఉంది. ముందుగది సోఫాలో పడుకోబెట్టాం. పోర్టర్ తన ఈల ఆవిడకిచ్చాడు, ఏదైనా కావాలంటే ఊదమని. ఊదలేదు. బాత్రూముకి వెళ్ళాలని చెప్పడానికి మొహమాటపడి, వాతావరణం గురించి మాట్లాడుతూ కూర్చుంది. మబ్బు పట్టిందంటే అర్థమేమిటో సాయంత్రానికి తెలుసుకున్నాను.

సెప్టెంబరు 24, మంగళవారం

సోఫా నుంచి ఒంటికాలి మీద వంటింటి దాకా గెంతి, అరలు సర్దుతుంటే పట్టుకున్నాను. అరిచాను. గట్టిగా అరిచాను. ఆవిడ మళ్ళీ గెంతుకుంటూ వెళ్ళి పడుకుంది. తర్వాత నాకే బాధేసింది.

అరలో ఇంకా తెల్లపొడి ఉందని అప్పుడే గుర్తొచ్చింది. ఆవిడ వేళ్ళకి అంటి ఉంటుంది.

సెప్టెంబరు 26, గురువారం

పిల్లలు స్కూలుకి వెళ్ళాక, మెకే నిద్రపోయాక, ఆవిడ కట్టు కింద దురద పెడుతోందంటే పైనుంచి జుట్టు ఆరబెట్టే మిషనుతో చల్లగాలి పెడుతున్నాను. కిటికీలోంచి ఆవిడ ఇల్లు కనిపిస్తోంది. తలుపుకి ఆ ఆకుపచ్చ ఇంకా ఉంది.

"అత్తయ్యా, ఒకటి అడుగుతా. మీ కిటికీలోంచి మా ఇల్లు ఎంతవరకు కనిపిస్తుంది?"

"అంతా. వంటింటి తలుపు తీసి ఉంటే దాని నేల దాకా."

"పూస?"

"పూస. పిండి. చేప తొట్టె. మొన్న చంటాడి చెయ్యి కాలిన రోజు నువ్వు నేల మీద కూర్చోవడం."

మిషను ఆపేశాను. "డారిన్‌కి చెప్పలేదా?"

"ఎందుకు చెబుతాను? అంత దూరంలో ఉండి వాడేం చేస్తాడు?"

"మరి మీరెందుకు రాలేదు?" అన్నాను. ఆ మాట అంత గట్టిగా అంటానని నాకే తెలీదు. వస్తే ఒప్పుకునేదాన్ని కాదు, ఆ సంగతి వేరు.

ఆవిడ కట్టు కేసి చూసుకుంటూ అంది. "బూట్లు వేసుకునే కూర్చున్నాను, జనీల్. పూస రోజున వేసుకున్నా, పిండి రోజున కూడా వేసుకున్నా. చంటాడు ఏడ్చిన రోజు మా గుమ్మం దాకా వచ్చి నిలబడి ఫోను చేశాను. తీయలేదు. తలుపు చూస్తే ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్న ఇంట్లోకి పిలవకుండా దూరకూడదు. ఆ నియమం పెట్టిందే నేను."

"నేను మీరు కాపలా కాస్తున్నారనుకున్నాను."

"కాస్తున్నాను కదా."

నేను ఏడ్చాను. పొగ లేదు.

"చాకు ఎక్కడ పెట్టారు?" అన్నాను ముక్కు చీదుకుని.

"ఎడమ పక్క రెండో సొరుగు, గరిటెల వెనకాల. చాకులుండాల్సిన చోటే."

సెప్టెంబరు 28, శనివారం

ముగ్గురు పిల్లలు, ఒక విరిగిన కాలు, ఉతకాల్సిన బట్టల గుట్ట. నేను సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. పొద్దున లేచి ఆకుపచ్చ విప్పి పసుపు కట్టాను. మూడోసారికి గానీ ముడి పడలేదు. లోపలికొచ్చేసరికి చర్చిలో అందరి ముందూ పెట్టీకోటుతో నిలబడ్డట్టుంది.

"ఏం కట్టావ్?" అంది సోఫాలోంచి.

"పసుపు."

"ఊఁ. తెర తియ్యి. చూద్దాం ఏం జరుగుతుందో."

ఇద్దరం కిటికీ దగ్గర కూర్చున్నాం. ముందు మార్వా చెత్త డబ్బా లాక్కుంటూ వచ్చింది. మా తలుపు చూసి ఆగింది. డబ్బా అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

"చూశారా? ఇప్పుడు ఫోన్లు చేస్తుంది. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది," అన్నాను.

"నోరుమూసుకుని చూడు."

మార్వా మళ్ళీ బయటికొచ్చింది. నైటీ మీదే ఉంది, చంకలో బిడ్డ. ఒంటి చేత్తో వాళ్ళ తలుపుకున్న ఆకుపచ్చ విప్పడానికి తంటాలు పడి, చివరికి పళ్ళతో లాగింది. పసుపు కట్టింది. మా వైపు చూడలేదు.

తర్వాత బిషప్ గారి భార్య షానా పాలు తెచ్చుకోవడానికి వసారాలోకి వచ్చింది. ఇటు చూసింది, అటు చూసింది, నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత వాళ్ళ తలుపు కూడా పసుపయింది. ఆ అవతలింటికి. ఆ ఎదురింటికి. మా అత్తగారు ఒక్కొక్క ఇంటికీ, "ఆవిడా!" అనీ, "నేను ఎప్పట్నించో అనుకుంటూనే ఉన్నాను," అనీ అంటూ, నొప్పి మందు వేసుకోవడం మర్చిపోయింది.

పది దాటాక మార్వా వచ్చింది, చీజు వేసి కాల్చిన బంగాళాదుంపల పళ్ళెం ఒక చేత్తో, మడవని బట్టల బుట్ట ఇంకో చేత్తో. "నువ్వు తర్వాత నా బట్టలు మడిచిపెడుదువుగానీ, ఇప్పుడు నేను నీ పిల్లల్ని చూస్తా. నువ్వు పడుకో. మా పెద్దవాడికి మూడు వారాలుగా లెక్కలు రావట్లేదు, సిస్టర్ లారూకి ఖాళీయేగా?" అంది.

"ఖాళీయే," అంది అత్తగారు, ఎంత తొందరగా అందంటే నాకు నవ్వొచ్చింది.

నేను లేచేసరికి ఇంటి నిండా జనం. బిషప్ టటల్ మసి చేతుల్తో గుమ్మంలో నిలబడి ఉన్నాడు, లోపలికి రావాలా వద్దా అన్నట్టు.

"సిస్టర్ జనీల్, వీధి వీధంతా సాయం కావాలంటోంది. మరి సాయం చేసేవాళ్ళెవరు?"

"ముందు మీ ఇంటి తలుపుకేముందో చూసి రావయ్యా," అంది మా అత్తగారు. "పాపం, షానా ఎన్నాళ్ళు ఓర్చుకుందో."

ఆయన బూట్ల కేసి చూసుకున్నాడు. "షానా ఎరుపు తీసింది. నేను బతిమాలితే పసుపు కట్టింది," అన్నాడు.

సాయంత్రం నేనొక్కదాన్నే వీధి చివరిదాకా నడిచాను, నా పని కాబట్టి. అత్తగారి తలుపుకి వారం నుంచీ ఉన్న ఆకుపచ్చ ముందు నేనే విప్పేశాను. ఆకుపచ్చ ఒక్క ఆల్‌రెడ్ వాళ్ళ తలుపుకే ఉంది. కిందటి వారమే వాళ్ళు ఇంటికి తాళం పెట్టి, మనవరాలి పెళ్ళికి ఊరెళ్ళారు.